'బిఫోర్ ది కాఫీ గెట్స్ కోల్డ్' కొనొచ్చా? నాకైతే నచ్చలేదు

'బిఫోర్ ది కాఫీ గెట్స్ కోల్డ్' అనే జపనీస్ నవలను అందరూ తెగ మెచ్చుకుంటున్నారు, కొనమంటారా అని ఒకరు అడిగారు. ఎవరి దగ్గరైనా ఉంటే తీసుకుని చదవండి, కొనక్కర్లేదు.

నేను జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో కొన్నాను. వెనక అట్ట మీద నాలుగు ముక్కలు చదివి అక్కడే నిలబడిపోయాను, మా నాన్న పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. టోక్యోలో ఓ చిన్న కాఫీ హోటల్, అందులో ఒకే ఒక్క కుర్చీలో కూర్చుంటే గతంలోకి వెళ్ళొచ్చు, కానీ కుర్చీ దిగకూడదు, ఆ హోటల్‌కి ఎప్పుడో వచ్చిన మనిషినే కలవగలం, కాఫీ చల్లారేలోపు తాగేసి తిరిగొచ్చేయాలి, ఏం చేసినా ఇప్పుడున్నది మాత్రం మారదు. ఆ చివరి షరతే నన్ను పట్టేసింది. మారదని తెలిసీ వెళ్ళిన మనిషి ఏం మాట్లాడతాడు?

తీరా చదివితే, ఉన్న నాలుగు కథల్లోనూ ఈ షరతులే మళ్ళీ మళ్ళీ చెప్తుంటారు. ముందు నాటకంగా రాసి 2015లో నవలగా తెచ్చారు, అందుకేనేమో ఎవరు లోపలికొచ్చారు, ఏం కట్టుకున్నారు అన్నదానికే బోలెడు పేజీలు. చెల్లెలు రమ్మని వచ్చినప్పుడల్లా మొహం చాటేసి, ఆ పిల్ల కారు ప్రమాదంలో పోయాక గతంలోకి వెళ్ళే అక్క కథ ఉంది. అలాంటి కథలో కూడా ఆమె బాధేంటో మనకు తట్టకముందే రచయిత విడమరిచి చెప్పేస్తాడు. ఇక ఏడవడానికి మనకేం మిగులుతుంది?

మా నాన్న కాఫీని సాసర్‌లో పోసి, ఊది, రెండు గుక్కల్లో తాగేసేవారు. గవర్నర్‌పేటలో షాపు తెరిచే టైమైపోతోందని రోజూ అదే తొందర, సాసర్ అంచున నురగ అలాగే ఉండేది. ఆ కుర్చీ నాకు దొరికితే 'నాన్నా, ఇంకాసేపు కూర్చో' అనడం తప్ప అడగాల్సిందేమీ లేదు. ఈ పుస్తకంలో గతంలోకి వెళ్ళిన ముగ్గురూ ఏదో ఒకటి తేల్చుకోవడానికే వెళ్తారు, ఊరికే ఎదురుగా కూర్చోవాలని ఎవరూ వెళ్ళరు. నేను వెతికింది అదే, దొరకలేదు.

రెండో కథ మాత్రం వేరు. మతిమరుపు జబ్బుతో భార్యనే గుర్తుపట్టలేని భర్త, జబ్బు ముదరకముందు ఆమెకు రాసిపెట్టుకున్న ఉత్తరం. అక్కడ పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో తక్కువకు దొరికితే ఆ ఒక్క కథ కోసం తీసుకోండి.