ఆదివారం ఉన్న విశ్వాసం సోమవారానికి ఎందుకు ఉండదు?

వందనాలు. ఆదివారం మందిరంలో కళ్లనీళ్లు పెట్టించే విశ్వాసం సోమవారం ఆఫీసుకెళ్లేసరికి కనిపించడం లేదు, అసలు ఇది నిజమైనదేనా అని అడిగారు. నాదీ అదే అవస్థ. పాస్టర్ గారిలా చెప్పలేను, నా సంగతే చెబుతాను.

ఒంగోలు దగ్గర కొత్తపట్నం వైపు మాకు రొయ్యల చెరువు ఉంది. మూడేళ్ల కిందట పట్టుబడి రోజు, అంటే చెరువులో రొయ్యలు పట్టి అమ్మే రోజు, తెల్లవారుజామున కౌంట్ తీశారు. అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్న లెక్క. అంకె తగ్గేకొద్దీ రేటు పెరుగుతుంది. 52 వచ్చింది. కొనడానికొచ్చిన కుర్రాడు నిద్రమత్తులో 42 అని రాసుకున్నాడు. నేను చూశాను. నోరు మెదపలేదు.

ముందు పంట వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బుతో మొత్తం పోయింది, నెత్తిన అప్పు. దేవుడే ఇలా ఇచ్చాడేమో అని కూడా అనుకున్నాను, నవ్వకండి. ఆ ముందు ఆదివారమే దొంగ త్రాసు మీద వాక్యం విని గట్టిగా ఆమెన్ అన్నవాణ్ణి. ఐసు కొట్టిన బాక్సులు నాలుగు వ్యానెక్కాక, "అబ్బాయ్, ఆ అంకె ఒకసారి చూడు" అని గొణిగాను. దిద్దుకున్నాడు. థ్యాంక్స్ కూడా అనలేదు. మనశ్శాంతి లాంటిదేమీ రాలేదు, దారి పొడుగునా పోయిన డబ్బే లెక్కేసుకున్నాను.

ఆ దారిలోనే బకింగ్‌హాం కాలువ. 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు అందులో మూడు మైళ్ల పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించారు. బోధకులే మేస్త్రీలు. పని ఆగినప్పుడల్లా వాక్యం చెప్పేవాళ్లు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని, సాయం నడిచినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా సభల్లో ఎప్పుడూ ఆ అంకే చెబుతారు. నాకు మాత్రం అంతకుముందు మోసిన మట్టి తట్టలే గుర్తొస్తాయి. పార పక్కన పెట్టి, చెమట తుడుచుకుంటూ విన్నవాళ్లు కదా.

అందుకని ఆఫీసులో ఆదివారం కన్నీళ్ల కోసం వెతక్కండి. చెప్పాలా వద్దా అని ఆ నాలుగు బాక్సులు ఎక్కేదాకా నేను పడ్డ గుంజాటన ఉంది చూశారూ, నా విశ్వాసం అంతవరకే. ఇప్పటికీ అంతకన్నా పెద్దగా పెరగలేదు.

ఇంటికెళ్లి మా ఆవిడకి చెబితే, "చెప్పేశారుగా, ఇంక కాళ్లు కడుక్కుని రండి, అన్నం చల్లారిపోతోంది" అంది.