ఎర్ర గద్దల దారిలో ఎక్కడ ఆగాలి?

ప్రశ్న: స్కాట్లాండులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దగ్గరకు ఫిబ్రవరిలో వెళ్తున్నాము. ఒకప్పుడు అక్కడ అంతరించిన ఎర్ర గద్దలను మళ్లీ తెచ్చి వదిలారని, వాటిని చూడటానికి గాలోవే ప్రాంతంలో ప్రత్యేకంగా ఒక దారి ఉందని, ఒకరోజు తీసుకువెళ్తానని అంటున్నాడు. మావారికి మోకాళ్ల నొప్పులు. ఎలా చూస్తే మంచిది? మన ఫిషింగ్ హార్బరు గద్దలకూ వాటికీ తేడా ఏమిటి? మన దేశంలో ఇలాంటి ప్రయత్నాలు లేవా?
— ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: మోకాళ్ల గురించి బెంగ అక్కరలేదు. కెన్ సరస్సు చుట్టూ సుమారు 38 కిలోమీటర్లు సాగే ఆ దారిలో కారులోనే తిరగవచ్చు. అయితే, ఒక చుట్టు తిరిగితే గద్దలన్నీ కనబడతాయనుకుంటే నిరాశ తప్పదు. ఉదయం సరస్సు పక్కన ఆగి, చలికాలం గడపడానికి గ్రీన్‌లాండ్ నుంచి వచ్చే బాతులను చూసి, మధ్యాహ్నానికి లారీస్టన్ గ్రామం దగ్గరి బెల్లీమ్యాక్ హిల్ ఫామ్ చేరుకోండి. అక్కడ రోజూ 2 గంటల ప్రాంతంలో గద్దలకు మాంసం వేస్తారు. వేళను ముందురోజే కనుక్కోవడం మంచిది. ఆహారం దొరకడం కష్టమయ్యే చలికాలంలోనే అవి ఎక్కువగా గుమిగూడతాయి కనుక, మీరు వెళ్లేది మంచి సమయమే. చాలావరకు అవి నేల మీద వాలకుండానే దూసుకువచ్చి ముక్కను తన్నుకుపోతాయి. ఆ కాసేపూ ఫోను పక్కన పెట్టి కళ్లతో చూడమని నా సలహా.

మనుషులు వేటాడటానికి పెంచుకునే పక్షుల్ని, గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతాయన్న అనుమానంతో కాల్చీ, విషం పెట్టీ చంపడం వల్ల 19వ శతాబ్దం చివరికి స్కాట్లాండులో ఈ గద్దలు లేకుండా పోయాయి. నిజానికి వీటి తిండిలో చచ్చిన జంతువులు, వానపాములే ఎక్కువ. 1989లో స్వీడన్ నుంచి పిల్లలను తెచ్చి ఉత్తర స్కాట్లాండులో వదలడం మొదలుపెట్టారు. గాలోవేలో 2001 నుంచి 2005 వరకు వదిలారు. అలాంటి పక్షికి ఇప్పుడు గొర్రెలు మేపే కొండపొలంలోనే తిండి పెడుతుండటం, నా దృష్టిలో, ఆ దారిలో అన్నిటికంటే చూడదగిన విషయం.

తేడా తోకలో తెలుస్తుంది. ఎర్ర గద్ద తోక తుప్పు రంగులో, లోతుగా చీలి ఉంటుంది. గాలిలో మలుపు తిరిగేటప్పుడు దాన్ని చుక్కానిలా తిప్పుతుంది. మన మామూలు గద్ద ముదురు గోధుమరంగులో ఉంటుంది, తోక చీలిక కొద్దిగానే కనిపిస్తుంది. హార్బరులోనే కనిపించే, తల, రొమ్ము తెల్లగా ఉన్న గరుడపక్షి తోక గుండ్రంగా ఉంటుంది. బయలుదేరేముందు ఒక ఉదయం బైనాక్యులర్‌తో ఈ రెంటినీ పోల్చి చూస్తే అక్కడ తడుముకోరు.

మన గద్దలు ఎన్నడూ అంతరించలేదు. మనం చాలావరకు పోగొట్టుకున్నది రాబందులను. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా వాటి కడుపులోకి చేరి, మూత్రపిండాలను దెబ్బతీసింది. పశువైద్యంలో దాని వాడకాన్ని 2006లో నిషేధించారు. హర్యానాలోని పింజోర్‌లోనూ, హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలోనూ రాబందుల సంతానోత్పత్తి కేంద్రాలు ఉన్నాయి. అయితే పెంచిన పక్షిని వదలడానికి ముందు, అది ఎగిరే మేరలో పశువుల కళేబరాలు ఇలాంటి మందులు లేనివని తేల్చుకోవలసి ఉంటుంది. ఒక పక్షి ఆహారం కోసం పదుల కిలోమీటర్లు తిరుగుతుంది కనుక, ఆ పని పంజరంలో పిల్లలను పెంచడం కంటే కష్టం.