గ్యాస్ రంధ్రం మూసేసిన ఆర్‌ఎస్‌సి 1917 రైఫిల్ కొనవచ్చా?

వేలంలో మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఫ్రెంచ్ సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఆర్‌ఎస్‌సి 1917 ఒకటి వచ్చిందని, పేలినప్పుడు పుట్టే గ్యాస్‌తో తర్వాతి తూటా దానంతటదే ఎక్కేలా చేసే దాని గ్యాస్ రంధ్రం మూసేసి ఉందని, కొంటే డబ్బు దండగా అని అడిగారు. దండగ కాదండీ. నా దగ్గరున్నదీ అలాంటిదే, దాన్ని అమ్మే ఆలోచన నాకు లేదు.

ఆ రంధ్రాన్ని ఎవరో పాడుచేసి మూయలేదు. 1935లో ఫ్రెంచ్ సైన్యమే ఈ రైఫిళ్లలో చాలావాటి గ్యాస్ వ్యవస్థను ఆపేసి, చేత్తో పిడి లాగి కాల్చేవిగా మార్చి, వలస సైన్యాలకు ఇచ్చింది. అంటే ఆ మార్పు కూడా దాని సర్వీసు చరిత్రే. దయచేసి ఆ రంధ్రాన్ని మళ్లీ తెరిపించకండి. సైన్యం వదిలిన స్థితిలోనే దానికి విలువ ఉంది.

దీన్ని రూపొందించిన రిబేరోల్, సుటేర్, షోషా ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలే ఆర్‌ఎస్‌సి. యుద్ధం మధ్యలో కొత్త రైఫిల్‌ను మొదటినుంచి తయారుచేసే తీరిక లేక, అప్పటి ఫ్రెంచ్ సైన్యం వాడుతున్న లెబెల్ రైఫిల్ భాగాలు కొన్నింటిని అలాగే వాడుకున్నారు, తూటా కూడా 8 ఎంఎం లెబెల్‌దే. సుమారు 86 వేలు తయారయ్యాయి. ప్రతి సైనికుడికీ ఇవ్వలేదు, గురి బాగా ఉన్నవాళ్లకీ చిన్న అధికారులకీ ఇచ్చారు. చేత్తో పట్టుకుంటే ఐదు కిలోల పైబడిన బరువు, ఆ పొడవు చూసి, కందకంలో దీన్ని మోసినవాళ్లు ఏమని విసుక్కున్నారో నాకు తెలిసొచ్చింది.

అసలు పరీక్ష మ్యాగజైన్ దగ్గర. ఇందులో ఐదు తూటాలను కలిపి పట్టుకునే క్లిప్పును కింది మూత తెరిచి పెడతారు. ఆ రోజుల్లోనే సైనికులు ఈ మూత మీద ఫిర్యాదు చేశారు. కాబట్టి మూత సొట్టపడిందా, సరిగ్గా మూసుకుంటోందా, గొళ్లెం పట్టుకుంటోందా అని దగ్గరి ఫోటోలు అడగండి. రైఫిల్ ఎంత మెరిసినా ఇవి చూడకుండా డబ్బు పెట్టకండి. భాగాల మీది సీరియల్ నంబర్లు కలుస్తున్నాయో లేదో కూడా కనుక్కోండి. తర్వాత క్లిప్. 1917కి ప్రత్యేకమైన క్లిప్ కావాలి, అప్పటి మరో ఫ్రెంచ్ రైఫిల్ బెర్తియేకి వాడిన క్లిప్ పట్టదు. నాకు రైఫిల్ దొరకడం కన్నా క్లిప్ దొరకడమే కష్టమైంది. వేలంలో క్లిప్ కూడా కలిపి ఇస్తుంటే ధర కొంత ఎక్కువైనా నేను వెనకాడను. తర్వాత వచ్చిన పొట్టి 1918 మోడల్ మామూలు బెర్తియే క్లిప్పుతోనే నడుస్తుంది, కానీ సుమారు 4 వేలే తయారయ్యాయి కనుక అది ఇంకా అరుదు. వీటికి ముందు వచ్చిన మరో ఫ్రెంచ్ సెమీ ఆటోమేటిక్, మ్యూనియే రైఫిల్ సంగతైతే చెప్పక్కర్లేదు, దాన్ని నేను అమ్మకానికి ఎక్కడా చూడలేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. హెచ్1బి లాంటి తాత్కాలిక వీసాలో ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటు అయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి, వాటి మీద ఆధారపడేముందు లాయర్‌ని అడగండి. గ్రీన్ కార్డ్ వచ్చేదాకా ఆగితే టెన్షన్ ఉండదు. ఆ తర్వాత పాత ఆయుధాలు సేకరించేవాళ్లకిచ్చే 03 రకం ఫెడరల్ లైసెన్సు తీసుకుంటే, 50 ఏళ్లు దాటి అసలు రూపంలోనే ఉన్న రైఫిళ్లను వేరే రాష్ట్రం నుంచి కూడా నేరుగా తెప్పించుకోవచ్చు. మీ రాష్ట్ర చట్టం మాత్రం విడిగా చూసుకోండి.

రేంజ్‌లో కాల్చడమే మీకు ముఖ్యమైతే ఆర్‌ఎస్‌సిని గోడ మీదే ఉంచి, తర్వాతి కాలపు ఫ్రెంచ్ సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మాస్ 49 లేదా 49/56 కొనండి. పది తూటాల మ్యాగజైన్, 7.5 ఎంఎం ఫ్రెంచ్ తూటా, శుభ్రం చేయడమూ తేలికే. 49/56లో కొన్నింటిని దిగుమతి చేశాక .308 అనే వేరే తూటాకి మార్చి అమ్మారు. అవి సరిగ్గా పనిచేయవని చాలామంది అనుభవం. అలాంటిది చూపిస్తే వద్దనండి.