ఆరుగురు కూర్చుంటే చాలు

కడప

నాయనా,

ఆదివారం పూట కవిత్వ కార్యశాల పెడతామని, 20 మంది పేర్లిచ్చారని రాశావు. అంతమంది వద్దు. ఆరుగురితో మొదలుపెట్టు, ఎనిమిది దాటనీయకు. ఒక్కో కవితకు అరగంట పడుతుంది, పూటకు మూడు కవితలకు మించి శ్రద్ధగా వినే ఓపిక ఎవరికీ ఉండదు. 20 మంది చేరితే అది కవి సమ్మేళనం, చప్పట్లు తప్ప ఏమీ మిగలదు.

కొత్తవాళ్లు, రాస్తున్నవాళ్లు సగం సగం ఉండనీ. రాస్తున్నవాళ్లకు ఒక షరతు పెట్టు: అచ్చయిన కవిత తేకూడదు. అచ్చులో చూసుకున్న పంక్తిని మార్చడానికి చెయ్యి రాదు.

కవిత 20 పంక్తుల లోపు ఉండాలి. పంక్తులకు నంబర్లు వేసి మనిషికొక జిరాక్స్ ఇవ్వండి. ముందు పక్కనున్నవాళ్లు చదవాలి, కవి కాదు. రాసిన మనిషి గొంతుతో లోపాలు కప్పేస్తాడు. చదివేవాళ్లు ఎక్కడ తడబడ్డారో అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకో. పంక్తి విరుపు తప్పేది చాలాసార్లు అక్కడే. తర్వాత కవి చదివి, 15 నిమిషాలు నోరు మెదపకుండా కూర్చోవాలి. ఈ నియమం మాత్రం ఎవరికీ సడలించొద్దు. "నా ఉద్దేశం ఏమిటంటే" అని మొదలుపెట్టాడంటే మిగతావాళ్లు కాగితం వదిలేసి ఆ వివరణనే మెచ్చుకుంటారు.

ఊరికే "బాగుంది" అంటే ఒప్పుకోకు. ఏ నంబరు పంక్తిలో ఏం కనబడిందో, ఎక్కడ అడ్డం పడిందో చెప్పాలి. పంక్తిని తాము తిరగరాసి ఇవ్వకూడదు. తలా ఒక మాట మారిస్తే ఆ కవిత ఎవరిదీ కాదు.

మన సీమలో ఇంకో చిక్కుంది, కరువు. ఆ మాట కవితలో పడగానే అందరూ కవితను వదిలి కరువు గురించి మాట్లాడతారు. బాధ నిజమే కాబట్టి ఆ పంక్తిని తరచి చూడటానికి మొహమాటపడతారు. కానీ "కరువు కోరలు చాచింది" అంటే ఏ చేనూ కనబడదు. ఒక వారం తలా నాలుగు శెనక్కాయలు చేతిలో పెట్టు. 12 నిమిషాల్లో, కరువు, కన్నీరు, గుండె, ఆకలి అనే మాటలు లేకుండా ఆరు పంక్తులు రాయమను. శెనక్కాయ నేల మీద పూస్తుంది, పూవు నుంచి దిగే కాడ, అదే ఊడ, మట్టిలోకి దిగితేనే కాయ. పదును లేక నేల బిగుసుకుంటే ఊడ పైనే ఎండుతుంది. ఇది తెలిసినవాళ్లు "మట్టి తలుపు తీయలేదు, ఊడ గుమ్మంలోనే ఎండింది" అని రాయగలరు. అప్పుడు తలుపు, గుమ్మం రెండూ కావాలా, ఒకటి చాలదా అని అడగండి. కార్యశాల పెట్టుకునేది ఆ ప్రశ్న కోసమే.

నెలకొకసారి వచన కవులతో కూడా వేమన వాడిన ఆటవెలది పద్యం ఒకటి రాయించు. సూర్యగణం అంటే మూడు మాత్రల తునక, ఇంద్రగణం నాలుగైదు మాత్రలది. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదట యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు; కుదరకపోతే ప్రాసయతి, అంటే రెండో అక్షరాల పొత్తు. గణం నింపడానికి ఊరికే తెచ్చిపెట్టిన మాట ఏదో పట్టుకోవడమే అక్కడ పని. ఆ చెవి అలవడితే వచనంలోనూ పనికిరాని మాట ఇట్టే దొరుకుతుంది.

రెండు వారాల తర్వాత మార్చిన ప్రతిని, పాతదానితో సహా తెమ్మను. 1820లో కడపకొచ్చిన ఇంగ్లీషు దొర సి.పి. బ్రౌన్ వేమన పద్యాల ప్రతులు సేకరించి, 1829లో అచ్చు వేయించాడు. ప్రతికీ ప్రతికీ తేడా చూస్తేనే మాట బరువు తెలుస్తుంది.

మొదటి ఆదివారం నీ కవితే ముందు పెట్టు. ఆ 15 నిమిషాలు నువ్వెలా కూర్చుంటావో చూసి మిగతావాళ్లు కూర్చుంటారు.

ఆశీస్సులతో