ఒకే బొమ్మ, రెండు కాగితాలు

చిరంజీవి బాబుకు,

పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. భారతదేశపు తపాలా బిళ్లలన్నీ సేకరించాలని నిశ్చయించుకున్నావనీ, అందుకోసం అప్పుడే రెండు పెద్ద ప్యాకెట్లు కొన్నావనీ నీ ఉత్తరంలో చదివి చాలా సంతోషించాను. అయితే 'అన్నీ' అన్న మాట దగ్గర మాత్రం నేను నీతో ఏకీభవించలేను. 1852 నాటి తొలి బిళ్ల సింధ్ డాక్ మొదలుకొని నేటి వరకు వెలువడినవన్నీ కూడబెట్టాలంటే ఒక జీవితమూ, దానికి తగిన ధనమూ కావాలి. ఆల్బంలో గళ్లు నింపడమే పనైపోతుంది తప్ప ఏ ఒక్క బిళ్లతోనూ నీకు చనువు ఏర్పడదు. ఒక చిన్న శ్రేణిని పట్టుకుని, అందులోని ఒక్కొక్క బొమ్మ ఎన్ని రకాల కాగితాల మీద, ఎన్ని ఛాయల్లో, ఏయే ముద్రణ దోషాలతో వచ్చిందో చూడటం నేర్చుకోమని నా సలహా.

అందుకు 1957 నాటి భారతదేశ పటం శ్రేణి కంటే మంచి బడి లేదు. ఖరీదు తక్కువ, దొరకడం సులభం, నేర్చుకోవలసినది మాత్రం చాలా ఉంది. ఆ ఏడాది ఏప్రిల్ 1న దశాంశ నాణేలు అమల్లోకి వచ్చి అణాల లెక్క పోయింది. రూపాయికి పదహారు అణాలు, కొత్త లెక్కలో వంద నయా పైసలు కాబట్టి రెండణాలంటే పన్నెండున్నర నయా పైసలు. అర పైసను బిళ్ల మీద వేయలేరు కనుక 13 నయా పైసల బిళ్ల వచ్చింది. అర్ధణాకు దగ్గరగా 3, అణాకు దగ్గరగా 6 వచ్చినది కూడా ఇలాగే. ఈ బిళ్లలు నాసిక్‌లోని ఇండియా సెక్యూరిటీ ప్రెస్‌లో సిలిండర్ మీద గుంటలుగా దించిన బొమ్మను అచ్చు వేసే ఫోటోగ్రావ్యూర్ పద్ధతిలో అచ్చయ్యాయి. మొదట వాడిన కాగితంలో 1926 నుంచి నాసిక్‌లో వాడుకలో ఉన్న నక్షత్రాల వాటర్‌మార్క్, అంటే కాగితం తయారీలోనే పల్చగా పడే గుర్తు, ఉంటుంది. 1958 నుంచి దాని స్థానంలో అశోక స్తంభపు సింహశీర్షం ఉన్న కాగితం వచ్చింది. బొమ్మ అదే, విలువ అదే. ముందు వైపు నుంచి ఎంత చూసినా తేడా పట్టుకోలేవు. బిళ్లను వెనక్కి తిప్పి చూసే అలవాటు ఉన్నవాడికే అవి రెండని తెలుస్తుంది.

వాటర్‌మార్క్ చూడటం ఓపికతో చేయవలసిన పని. బిళ్లను పట్టకారుతో పట్టుకుని నల్లని పళ్లెంలో బోర్లించి, వెలుతురు ఏటవాలుగా పడేలా కిటికీ దగ్గర పెట్టు. చాలా వాటికి ఇంతమాత్రం చాలు. కాగితం పల్చబడిన చోట నల్లదనం తొంగిచూస్తుంది. అలా కనపడకపోతే రెండు మూడు చుక్కల బెంజిన్ (పెట్రోలు జాతి ద్రవం, విషపూరితమైన బెంజీన్ కాదు) వేయాలి. వేసిన వెంటనే కాగితం మసకబారి, ఆ మసకలో నక్షత్రపు కోణమో, సింహపు జూలో ఒక్కసారిగా పైకి తేలి, ద్రవం ఆరిపోయేలోగా మళ్లీ మాయమవుతుంది. ఆ కొద్ది క్షణాలు కన్ను ఆర్పకుండా చూడాలి. షీటు అంచున ఉన్న బిళ్లకు సగం గుర్తే పడవచ్చు, అప్పుడు తొందరపడి ఏదో ఒకటి నిర్ణయించుకోకు. ఫోటోగ్రావ్యూర్ సిరా ఈ ద్రవానికి కరిగే ప్రమాదం ఉంది కనుక ముందుగా చిరిగిన బిళ్ల మీద పరీక్షించి చూడు. బెంజిన్‌కు ఇట్టే నిప్పంటుకుంటుంది; దేవుడి దీపం వెలుగుతున్న గదిలో గానీ, వంటింట్లో గానీ ఈ పని ఎంతమాత్రం చేయవద్దు.

ఛాయలను ఉదయపు వెలుతురులోనే పోల్చు, దీపాల కింద పోల్చి వ్రాసుకున్నది తరువాత కొట్టివేయవలసి వస్తుంది. అంచు పళ్ల లెక్కను, అంటే రెండు సెంటీమీటర్ల పొడవులో ఎన్ని రంధ్రాలున్నాయో, గేజితో చూసుకో.

ముద్రణ దోషాల విషయంలో కొత్తవారు ఎక్కువగా మోసపోతారు. బొమ్మ మీద ఒక చుక్కో, గీతో కనపడగానే అది అరుదైన రకమని పొంగిపోకూడదు. అచ్చు వేసే సిలిండర్ మీదే గాటు ఉంటే ఆ దోషం ప్రతి షీటులోనూ అదే స్థానంలో పడుతుంది. అలాంటిదే రకం కింద లెక్కకు వస్తుంది. సిరా చిందినదో, దుమ్ము పడినదో అయితే అది ఆ ఒక్క బిళ్లతోనే పోతుంది. కాబట్టి అదే దోషమున్న రెండో బిళ్ల దొరికేదాకా నోటు పుస్తకంలో పెన్సిలుతోనే వ్రాసుకో. పొరపాటు మూల చిత్రంలోనే ఉన్న సందర్భాలూ లేకపోలేదు. 1949 పురావస్తు శ్రేణిలోని ఒక అణా బోధిసత్త్వుడి బొమ్మ అద్దంలో చూసినట్లు తిరగబడి అచ్చయింది. 1950లో దానిని సరిదిద్దారు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూడటం నాకు ఈనాటికీ ఇష్టం.

రంగు లోపించిందని చెప్పి అమ్మే వాటిని ఒకటికి రెండుసార్లు అనుమానించు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ప్రదర్శనలో, పసుపు రంగు పడలేదని చెప్పిన బిళ్లను నెల జీతంలో సగం పెట్టి కొన్నాను. పచ్చగా ఉండవలసిన ఆకులు అందులో నీలంగా ఉన్నాయి. తరువాత అదే రకం మామూలు బిళ్లను కిటికీ అద్దం వెనుక ఎండకు ఉంచితే, వేసవి ముగిసేసరికి పసుపు వెలిసిపోయి సరిగ్గా అదే నీలం మిగిలింది. అప్పటి నుంచి నిపుణుల ధ్రువపత్రం లేనిదే అలాంటివి కొనలేదు, నువ్వూ కొనవద్దు.

కవరు మీది బిళ్లను ఊడదీసే ముందు తపాలా ముద్రను, తేదీని చదువు. 1971లో తూర్పు పాకిస్తాన్ (నేటి బంగ్లాదేశ్) నుంచి వచ్చిన శరణార్థుల సహాయానికై నవంబరు 15 నుంచి ఉత్తరాలపై అదనంగా అయిదు పైసలు తప్పనిసరి చేసినప్పుడు, కుటుంబ నియంత్రణ బొమ్మ ఉన్న 5 పైసల బిళ్లపై 'రెఫ్యూజీ రిలీఫ్' అని ముద్ర వేసి వాడారు. నాసిక్‌లో ముద్రించినవి సరిపోక అనేక చోట్ల స్థానికంగా కూడా ఆ అక్షరాలు వేశారు. అవి ఏ ఊరివో తేల్చడానికి కవరు మీది ముద్రే ఆధారం. నీళ్లలో నానబెట్టి బిళ్లను వేరు చేస్తే ఆ ఆధారం పోతుంది. నేను చిన్నతనంలో మా నాన్నగారి కవర్లు ఎన్నింటినో అలా పాడుచేశాను, ఇప్పటికీ బాధపడుతుంటాను.

వానాకాలంలో ఆల్బంలను బీరువాలో పడుకోబెట్టి కాకుండా నిలబెట్టి ఉంచి, పక్కన సిలికా జెల్ సంచులు పెట్టు. తేమ తగిలితే తుప్పు రంగు మచ్చలు పుట్టి పక్క బిళ్లలకూ పాకుతాయి. ప్లాస్టిక్ పుటలున్న చవక ఆల్బంలు వాడవద్దు. మన ఇంటికి దగ్గరి సంబంధం ఉన్న హైదరాబాదు నిజాం బిళ్లల మీద నీకు మనసు పోతుందని నాకు తెలుసు. వాటిపై ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీలతో పాటు మన తెలుగు అక్షరాలూ ఉంటాయి. వాటి జోలికి వచ్చే ఏడాది వెళదాం.

ఈ ఉత్తరంతో పాటు ఒక కవరులో 13 నయా పైసల బిళ్లలు ఇరవై పంపుతున్నాను. నక్షత్రాలవి ఎన్నో, సింహశీర్షానివి ఎన్నో వేరు చేసి నాకు వ్రాయి. వాటిలో ఒకటి ఏ కాగితమో నాకే ఇంకా తేలలేదు. అది ఏదో ముందుగా చెప్పను.

ఇట్లు,
మీ పెదనాన్న