పాఠకుల ప్రశ్నలు – జవాబులు: పట్టణ సాగు నిధుల లెక్క ఎలా అడగాలి?

పట్టణ వ్యవసాయానికి ఇచ్చిన ప్రభుత్వ నిధులు పక్కదారి పట్టాయన్న ఆరోపణల మీద వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి ఈసారి జవాబిస్తున్నాం. ఆరోపణలు ఇంకా రుజువు కాలేదు కనుక ఊళ్ల పేర్లు, సంస్థల పేర్లు, మనుషుల పేర్లు తీసివేశాం.

ప్రశ్న: మిద్దెల మీద, ఖాళీ ప్రభుత్వ స్థలాల్లో కూరగాయలు పండించే ప్రాజెక్టుకు మా నగరంలో కొన్నేళ్ల కిందట గ్రాంటు వచ్చింది. ఇప్పుడు చూస్తే చిరిగిన గ్రో బ్యాగులు, ఎండిన మళ్లు, కలుపు తప్ప ఏమీ లేవు. డబ్బు తినేశారని కాలనీవాళ్లు, ఎండలకు మొక్కలు పోయాయని నిర్వాహకులు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: ఎండిన మడిని మాత్రమే చూసి ఆ సంగతి తేల్చలేం. రోడ్డో భవనమో అయితే ఎన్నేళ్ల తర్వాత వెళ్లినా కొలిచి చూడవచ్చు. తోట అలా కాదు. శ్రద్ధగా నాటిన మొక్క కూడా నడివేసవిలో వారం రోజులు నీళ్లు అందకపోతే పోతుంది, పండిన పంటను తినేస్తారు, వేసిన ఎరువు మట్టిలో కలిసిపోతుంది. అందువల్ల ఈ పనిలో దొంగ లెక్క రాయడం ఎంత తేలికో, కష్టపడి పనిచేసిన మనిషి మీద నింద వేయడమూ అంతే తేలిక. బోలెడు పెట్టుబడి, సాంకేతికత ఉన్న సంస్థలు కూడా పట్టణ సాగులో నిలదొక్కుకోలేకపోయిన సందర్భాలున్నాయి. అమెరికాలో నిలువు సాగుకు పేరుపొందిన ఏరోఫార్మ్స్ 2023 జూన్‌లో దివాలా చట్టం కింద రక్షణ కోరవలసి వచ్చింది. నష్టం రావడం వేరు, నిధులు కాజేయడం వేరు.

అందుకని మొక్క బతికిందా లేదా అన్నది కాసేపు పక్కన పెట్టి, మొక్క పోయినా మిగిలి ఉండే కాగితాలను అడగండి. మంజూరు ఉత్తర్వు, దానికి జతచేసిన అంచనా, స్థలం అప్పగించిన పత్రం, కొటేషన్లు లేదా టెండరు కాగితాలు, బిల్లులు, స్టాకు రిజిస్టరు, కూలీల మస్టర్లు (హాజరు పట్టీలు), నీటి బిల్లులు, చివరగా నిధులు ఖర్చయ్యాయని సంస్థ ఇచ్చిన వినియోగ ధ్రువపత్రం, అంటే ఆఫీసుల్లో యూసీ అనేది. వీటిలో స్టాకు రిజిస్టరుకు నేను ఎక్కువ విలువ ఇస్తాను. బిల్లు వల్ల కొన్నట్టు మాత్రమే తెలుస్తుంది. సరుకు ఏ తేదీన వచ్చింది, ఎవరు దించుకున్నారు, అందులోంచి ఏ స్థలానికి ఎంత పంపారు, ఎంత మిగిలింది అన్నవి రిజిస్టరులోనే ఉంటాయి. బిల్లును తర్వాత తెచ్చి పెట్టవచ్చు. రోజువారీ రిజిస్టరును మాత్రం మస్టరుతోనూ లారీ చీటీలతోనూ పొసిగేలా తర్వాత అల్లడం చాలా కష్టం.

ఆ కాగితాలు చేతికి వచ్చాక వాటిని మట్టితో సరిపోల్చండి. ఉదాహరణకు నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అడుగు లోతు ఉన్న మళ్లు 100 కట్టారనుకుందాం. ఒక్కో మడికి 16 ఘనపుటడుగుల చొప్పున మొత్తం 1,600 ఘనపుటడుగులు, అంటే సుమారు 45 ఘనపు మీటర్ల మిశ్రమం పడుతుంది. అందులో మూడో వంతు వర్మికంపోస్టు కలిపితే 15 ఘనపు మీటర్లు. దాని బరువు పది టన్నులు, తడి ఎక్కువగా ఉంటే పన్నెండు టన్నుల దాకా ఉంటుంది. బిల్లుల్లో 40 టన్నులు కనిపిస్తే మిగతాది ఎక్కడికి పోయిందని అడగవలసిందే. అయితే అడిగి ఊరుకోకుండా జవాబు కూడా వినాలి, ఎందుకంటే ఎరువు కుంగిపోతుంది, ప్రతి పంటకూ మళ్లీ కొంత వేయాలి. మూడు పంటలు తీసిన మళ్లకు మొదటి లెక్క కంటే ఎక్కువ ఎరువు పట్టినా ఆశ్చర్యం లేదు. మూడు పంటలు తీసినట్టు నారు కొన్న బిల్లులు, కూలీల హాజరు కూడా ఉన్నాయా అన్నదే తర్వాతి ప్రశ్న.

తేదీలనూ గమనించండి. ఆర్థిక సంవత్సరం ముగుస్తుందనగా మార్చి చివరి వారంలో నారు, గ్రో బ్యాగులు, షేడ్‌నెట్లు ఒక్కసారిగా కొన్నట్టు ఉంటే అది మంచి సూచన కాదు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు, 2017లోని 62వ నియమం సంవత్సరాంతపు నెలల్లో హడావిడిగా ఖర్చు చేయడాన్ని ఆర్థిక ఔచిత్యానికి భంగంగా పరిగణిస్తుంది. రాష్ట్ర నిధులైతే ఆ రాష్ట్రపు ఆర్థిక నియమావళి వర్తిస్తుంది. తోటకు సంబంధించినంతవరకు ఇది కేవలం కాగితాల తప్పు కాదు. మార్చి చివర నాటిన లేత నారుకు ఏప్రిల్, మే ఎండలు వెంటనే ఎదురవుతాయి. ‘ఎండలకు పోయాయి’ అన్న మాట నిజమే కావచ్చు. ఆ నెలలో నాటాలని ఎవరు నిర్ణయించారు, ఎందుకు నిర్ణయించారు అని అడిగే హక్కు మీకుంది.

ప్రశ్న: లెక్కలు చూపమని అడిగితే, తమది స్వచ్ఛంద సంస్థ కనుక సమాచార హక్కు చట్టం వర్తించదని అంటున్నారు. నిజమేనా?

జవాబు: అన్ని సందర్భాల్లో నిజం కాదు. సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 2(హెచ్) ప్రకారం ప్రభుత్వ నిధులతో నేరుగా గానీ పరోక్షంగా గానీ గణనీయంగా నడిచే స్వచ్ఛంద సంస్థలు కూడా ప్రజాధికార సంస్థల కిందికి, అంటే అడిగితే సమాచారం ఇవ్వవలసిన సంస్థల కిందికి వస్తాయి. గణనీయం అంటే సగానికి మించి ఉండి తీరాలన్న నియమమేదీ లేదని సుప్రీంకోర్టు 2019లో డీఏవీ కళాశాలల కేసులో స్పష్టం చేసింది. నగరంలో స్థలాన్ని ఉచితంగానో బాగా తగ్గించిన ధరకో ఇస్తే అది కూడా గణనీయమైన ఆర్థిక సాయం కావచ్చని అదే తీర్పులో ఉంది. పట్టణ సాగులో అన్నిటికంటే ఖరీదైనది స్థలమే కాబట్టి, గ్రాంటు మొత్తం చిన్నదైనా స్థలం ఎవరిదో, ఏ షరతుల మీద ఇచ్చారో తప్పక తెలుసుకోండి.

ఆ వాదన తేలేదాకా మీరు ఆగనక్కరలేదు. నిధులిచ్చిన శాఖకు దరఖాస్తు పెట్టండి. మంజూరు ఉత్తర్వు, యూసీ, తనిఖీ నివేదికలు ఆ శాఖ ఫైళ్లలోనే ఉండాలి. ఎందుకు అడుగుతున్నారో చెప్పనవసరం లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, వచ్చిన జవాబు అసంపూర్తిగా ఉన్నా 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, దాని మీద కూడా న్యాయం జరగలేదనుకుంటే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేసుకోవచ్చు. ‘ప్రాజెక్టు వివరాలన్నీ ఇవ్వండి’ అని రాస్తే ‘వివరాలు విస్తారంగా ఉన్నాయి’ అన్న జవాబే వస్తుంది. ఏ సంవత్సరం, ఏ స్థలం, ఏ రిజిస్టరు అన్నది విడివిడిగా రాయండి.

చాలామంది వాడుకోని హక్కు ఇంకొకటి ఉంది. సెక్షన్ 2(జె) ప్రకారం కాగితాల నకళ్లే కాక, పనిని స్వయంగా తనిఖీ చేయడానికి, వాడిన సామగ్రి నమూనాలను ధ్రువీకరించి తీసుకోవడానికి కూడా పౌరులకు హక్కుంది. బిల్లులో రాసిన మందం గ్రో బ్యాగుకు ఉందా, వర్మికంపోస్టు పేరుతో వచ్చింది ఎరువేనా, లేక నల్లమట్టా అన్నది నమూనా చేతిలో ఉంటే ప్రయోగశాలలోనే తేలిపోతుంది. మట్టి పరీక్షకు గ్రాంటులో డబ్బు కేటాయించి ఉంటే ఆ నివేదికనూ అడగండి. నగరాల్లోని పాత స్థలాల మట్టిలో సీసం లాంటి భారలోహాలు ఉండే ప్రమాదం ఉంది కనుక, ఆ పరీక్ష చేయకుండా బిల్లు మాత్రమే పెట్టి ఉంటే అది డబ్బుకే కాదు, పంట తిన్నవాళ్ల ఆరోగ్యానికి సంబంధించిన అపరాధం కూడా.

ప్రశ్న: మిద్దె తోట కిట్టు, శిక్షణ తీసుకున్న లబ్ధిదారుల జాబితాలో నా పేరు ఉంది. నాకు అందింది రెండు విత్తన పొట్లాలు మాత్రమే. అప్పట్లో ఏదో కాగితం మీద సంతకం చేయించుకున్నారు, నేను చదవలేదు. ఇప్పుడు విచారణ జరిగితే నన్నూ దోషిని చేస్తారా?

జవాబు: అమ్మా, అందనిదాన్ని అందిందని రాసుకున్నది వాళ్లు. చదవకుండా సంతకం పెట్టినంత మాత్రాన మీరు ఆ డబ్బులో భాగస్వామి కాలేదు, ఇటువంటి విచారణలో మీవంటివారు ముఖ్యమైన సాక్షులు. భయపడి మౌనంగా ఉంటేనే తర్వాత ఇబ్బంది. మీకు ఏమేమి అందాయి, ఎప్పుడు అందాయి, ఎవరు తెచ్చి ఇచ్చారు, సంతకం ఎక్కడ చేయించుకున్నారు అన్నవి గుర్తున్నంతవరకు ఇప్పుడే ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం చేసి, నకలు దగ్గర ఉంచుకోండి. గుర్తులేని సంగతిని ఊహించి రాయకండి. విత్తన పొట్లాల కవర్లు ఉంటే పారేయకండి, వాటి మీద లాటు నంబరు, గడువు తేదీ ఉంటాయి.

తర్వాత ఆ కాగితాన్ని నిధులిచ్చిన శాఖకు అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. రాయితీ పథకాల లబ్ధిదారుల వివరాలను ఎవరూ అడగకముందే ప్రకటించాలని సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 చెబుతోంది కాబట్టి, జాబితాలో ఉన్న ఇరుగుపొరుగు వాళ్లను మీరే కలిసి వాళ్లకేం అందిందో అడగవచ్చు. ఒక్కరి మాటను పొరపాటని కొట్టివేయవచ్చు. ఇరవై ఇళ్లవాళ్లు ఒకే మాట రాసి ఇస్తే అలా కొట్టివేయడం కుదరదు.

ప్రశ్న: నేను ఇలాంటి ప్రాజెక్టులోనే పనిచేస్తున్నాను. డ్రిప్ పరికరాలకు వచ్చిన డబ్బుతో ఆలస్యమైన కూలీల వేతనాలు చెల్లించాం. ఎవరూ జేబులో వేసుకోలేదు. ఇది కూడా దుర్వినియోగమేనా?

జవాబు: మంజూరు చేసిన అధికారి అనుమతి లేకుండా ఒక పద్దు కింద వచ్చిన సొమ్మును మరో పద్దుకు వాడితే అది నిధుల మళ్లింపు. కూలీల ఇళ్లలో పొయ్యి వెలిగించాలన్న మీ ఉద్దేశం మంచిదే, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఇప్పటికీ దిద్దుకోగలిగిన ఈ తప్పు, యూసీలో ‘డ్రిప్ పరికరాలు కొన్నాం’ అని రాసిన రోజున అబద్ధపు ధ్రువీకరణ అవుతుంది. ఆ రోజు రాకముందే జరిగినది జరిగినట్టు శాఖకు రాసి, వేతనాల మస్టరు, బ్యాంకు చెల్లింపుల నకళ్లు జతచేసి, పద్దు మార్పుకు ఆమోదం కోరండి. ఆమోదం రాకపోతే ఆ సొమ్ము సర్దుబాటు చేయవలసి వస్తుంది. అది భారమే, అయినా క్రిమినల్ కేసు కంటే చాలా చిన్న భారం.

ప్రశ్న: కాగితాలు కొన్ని సంపాదించాం, తేడాలు కనిపిస్తున్నాయి. బాధ్యుల ఫొటోలు, పేర్లు సోషల్ మీడియాలో పెడదామని కొందరు, ఫిర్యాదు చేద్దామని కొందరు అంటున్నారు. ఫిర్యాదు చేస్తే ఉన్న కాస్త తోటనూ మూసేస్తారేమోనని అక్కడ సాగు చేస్తున్న మహిళలు దిగులు పడుతున్నారు.

జవాబు: పేర్లు, ఫొటోలు పెట్టకండి. పరువు నష్టం భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద నేరం; నిజమే అయి, ప్రజాహితం కోసం చెప్పినదానికి మినహాయింపు ఉన్నా, ఆ నిజాన్ని రుజువు చేయవలసిన బరువు మీ మీదే పడుతుంది. అదీకాక తేడా కనిపించిన ప్రతిచోటా దొంగతనం ఉండదు.

మీ కాలనీవాళ్లు, సాగు చేస్తున్నవాళ్లు, సంస్థవాళ్లు, శాఖ అధికారి అందరూ కూర్చునే ఒక సమావేశం పెట్టి రిజిస్టర్లను బయటికి చదివించమని ముందుగా కోరండి. రాజస్థాన్‌లో 1994 నుంచి జరిగిన జన సునవాయిల్లో, అంటే బహిరంగ విచారణల్లో, పనుల బిల్లులు, మస్టర్లు ఊరి ముందు చదివితే, చనిపోయినవాళ్ల పేర్ల మీద కూలి రాసిన సంగతులు అక్కడికక్కడే బయటపడ్డాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనులకు 2006 నుంచి సామాజిక తనిఖీ జరిగింది, గ్రామసభలో పేరు పిలిచి ‘నీకు ఇంత కూలి ముట్టిందా’ అని అడిగే పద్ధతి మన పల్లెల్లో చాలామంది చూసినదే. పట్టణ సాగుకు అటువంటి తనిఖీ తప్పనిసరి కాకపోయినా, వార్డులో దాన్ని జరపకూడదని ఏ చట్టమూ చెప్పదు.

ఆ సమావేశానికి సంస్థ రానంటే, లేక వచ్చిన జవాబులు కాగితాలతో పొసగకపోతే, అప్పుడు శాఖాధిపతికి, విజిలెన్స్ విభాగానికి, ప్రభుత్వోద్యోగుల పాత్ర ఉందనిపిస్తే ఏసీబీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ‘కోట్లు తినేశారు’ అన్న మాట అందులో వద్దు. ఫలానా బిల్లులో ఇంత, స్టాకు రిజిస్టరులో ఇంత, స్థలం మీద ఇంత అని మూడు అంకెలు పక్కపక్కన పెట్టండి. ఒక సంస్థకు ఏడాదిలో అందిన గ్రాంటు 25 లక్షల రూపాయలకు తగ్గకుండా, మొత్తం ఖర్చులో 75 శాతానికి తగ్గకుండా ఉంటే, 1971 నాటి కాగ్ చట్టం సెక్షన్ 14 కింద కాగ్ (ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) ఆ సంస్థ ఖాతాలను ఆడిట్ చేయవచ్చు కనుక, ఆ పరిమితి దాటిన ప్రాజెక్టయితే మీ రాష్ట్రంలోని అకౌంటెంట్ జనరల్ కార్యాలయానికి కూడా నకలు పంపండి.

సాగు చేస్తున్న మహిళల దిగులు న్యాయమైనది. దాన్ని ఫిర్యాదులోనే ప్రస్తావించండి. ఆరోపణ నిధులు ఖర్చు చేసినవారి మీదనే గాని పండిస్తున్నవారి మీద కాదని, విచారణ పూర్తయ్యేవరకు స్థలం స్వాధీనం, నీటి కనెక్షన్ యథాతథంగా ఉంచాలని, వసూలైన సొమ్మును అదే స్థలాల్లో సాగుకు తిరిగి కేటాయించాలని, ఆ ఖర్చును పర్యవేక్షించే కమిటీలో సాగుదారుల ప్రతినిధులు ఉండాలని విడివిడి అభ్యర్థనలుగా రాయండి. సంతకాలలో మొదటి వరుస వాళ్లదే ఉంటే మరీ మంచిది.