సీడీకే5ని దొంగను చెయ్యకు

కావలి

అమ్మాయ్,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. సీడీకే5 లాంటి ఎంజైము మీద తెలుగులో రాయాలనుకోవడం నాకు నచ్చింది. రాసిన తీరు సగమే నచ్చింది. మొదటి రెండు పేజీలూ మెదడే: న్యూరాన్లు, జ్ఞాపకం, అల్జీమర్స్. క్లోమం మాట వచ్చేసరికి మూడో పేజీ. మీ కందుకూరులో షుగరు బిళ్ళలు వేసుకునేవాళ్ళు తక్కువేం కాదు. వాళ్ళు అక్కడిదాకా రారు. క్లోమంతోనే మొదలెట్టు.

మెదడుకి ఒక్క పేరా చాలు. సీడీకే5 వేరే ప్రోటీన్లకు ఫాస్ఫేటు తగిలించి వాటి పని మారుస్తుంది. పీ35 లాంటి జోడీ ప్రోటీను దొరికితేనే అది పనిలోకి దిగుతుంది. ఆ జోడీ న్యూరాన్లలో దండిగా ఉంటుంది కాబట్టి అందరూ ముందు అక్కడే వెతికారు. 1996లో ఈ జన్యువు తీసేసిన ఎలుకపిల్లలు మెదడు పొరలు చెదిరి, పుట్టేవేళకే చచ్చిపోయాయి. ఈ ఎలుకల సంగతి మాత్రం కొట్టెయ్యకు.

ఎందుకంటే చివర్లో నువ్వు సీడీకే5ని ఆపేస్తే షుగరు జబ్బు పోతుందని రాశావు. ఎవరు చెప్పారమ్మా నీకు? క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల సంగతే చూడు. ఇన్సులిన్ బయటికి రావడానికి ఇది సాయపడుతుందని 2001లో ఒక బృందం చెప్పింది. గ్లూకోజు ఎక్కువైనప్పుడు ఇదే కాల్షియం ద్వారాల మీద పనిచేసి ఇన్సులిన్‌ను తగ్గిస్తుందని 2005లో ఇంకొకరు చెప్పారు. నువ్వు రెండోదే పెట్టావు. రెండూ పెట్టు. తేలని సంగతి తేలలేదని రాస్తే చదివేవాడేమీ నొచ్చుకోడు.

అసలు కథ కొవ్వు కణాల్లో ఉంది. కొవ్వు తిండి పెట్టి లావెక్కించిన ఎలుకల్లో సీడీకే5, కొవ్వు కణాల జన్యువులను నడిపించే పీపార్ గామా అనే ప్రోటీనులో 273వ చోట ఉన్న సెరీన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేటు తగిలిస్తోందని 2010లో హార్వర్డ్‌లో బ్రూస్ స్పీగెల్‌మాన్ బృందం చూపించింది. ఆ ఫాస్ఫేటే షుగరు వైపు లాగుతుందనీ, రోసిగ్లిటజోన్ అనే షుగరు మందు దాన్ని అడ్డుకుంటుందనీ చెప్పింది. (గుండెకు ముప్పని ఆ మందును మన దేశంలో అదే ఏడు నిషేధించారు. నీ వ్యాసంలో అది లేదేం?) నువ్వక్కడితో ఆగిపోయావు. 2015లో ఎలుకల కొవ్వు కణాల్లోంచి సీడీకే5ని పూర్తిగా తీసేసి చూశారు. ఫాస్ఫేటు తగ్గలేదు సరికదా, పెరిగింది. ఒళ్ళు ఇన్సులిన్‌కు లొంగకపోవడం ఇంకా ముదిరింది! తీరా చూస్తే, ఈఆర్‌కే అనే ఇంకో కైనేజు (సీడీకే5 లాగే ఫాస్ఫేటు తగిలించే ఎంజైము) కూడా అదే చోట ఫాస్ఫేటు తగిలిస్తుంది. ఇన్నాళ్ళూ దాన్ని అణిచిపెట్టింది సీడీకే5.

ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంట మీద కాపలావాడు గుప్పెడు రొయ్యలు తనూ ఎత్తుకుంటాడు, కానీ వాడున్నంతకాలం ఇంకో దొంగ గుంట గట్టు మీదికి రాడు. వాణ్ణి పనిలోంచి తీసేస్తే గుంటేమవుతుందో ఆ వూరివాళ్ళకు నువ్వు చెప్పక్కర్లేదు. నీ వ్యాసం మొత్తం ఈ మలుపు మీద నిలబెట్టు.

కిడ్నీ వడపోత కణాల్లో, తెల్ల రక్తకణాల్లో సీడీకే5 సంగతి ఒక్కో వాక్యంలో దాటెయ్. "ఎలుకల్లో" అన్న మాట అవసరమైన ప్రతిచోటా రాయి, విసుగనిపించినా సరే. చివరి పేజీ చదివి ఎవరో ఒకరు బిళ్ళలు మానేస్తారు, ఆ పేజీ చింపెయ్. కొత్త ప్రతిని ఒంగోలులో షుగరు డాక్టరెవరికైనా చూపించాకే పత్రికకు పంపు.